చమకం పదకొండో అనువాకంలో ‘తిస్రః’ ఎందుకు, ‘త్రీణి’ ఎందుకు కాదు?

సంస్కృతాభ్యాసి

సంస్కృతంలో అంకెలు నేర్పేటప్పుడు ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి, పంచ అని మొదలుపెడతారు. చమకం చివరి అనువాకంలో (అనువాకం అంటే వేదభాగంలో ఒక విభాగం) మాత్రం ‘ఏకా చ మే తిస్రశ్చ మే పంచ చ మే సప్త చ మే’ అని ఉంది. ఆ తర్వాత వచ్చే వరసలో ‘చతస్రశ్చ మేఽష్టౌ చ మే’. ఒకటి, మూడు, నాలుగు మారాయి గానీ పంచ, సప్త మారలేదు. నియమం ఏమిటి? ఒకటి నుంచి నూరు దాకా తప్పు లేకుండా లెక్కపెట్టడానికి ఈ అనువాకాన్ని ఆధారంగా పెట్టుకోవచ్చా?

వ్యాకరణం మాస్టారు

నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అందులో రెండు వరసలున్నాయి. మొదటిది 1 నుంచి 33 దాకా బేసి సంఖ్యలు, రెండోది 4 నుంచి 48 దాకా నాలుగో ఎక్కం. మొత్తం 29 సంఖ్యలే అయినా, నేర్చుకునేవాళ్లు తడబడే రూపాలు దాదాపు అన్నీ వాటిలోనే ఉన్నాయి.

ముందు లింగం సంగతి. సంస్కృతంలో ఒకటి నుంచి నాలుగు దాకానే సంఖ్యకు లింగభేదం. పుంలింగంలో ఏకః, ద్వౌ, త్రయః, చత్వారః. స్త్రీలింగంలో ఏకా, ద్వే, తిస్రః, చతస్రః. నపుంసకంలో ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి. పాఠాల్లో వినిపించేది నపుంసకరూపం, చమకంలో ఉన్నది స్త్రీలింగరూపం. అయిదు నుంచి లింగభేదం పోతుంది కాబట్టి పంచ, సప్త ఎక్కడైనా ఒక్కటే.

తెలుగువాళ్లు ఇక్కడ ఎందుకు జారతారంటే, మన భాషలోనూ సంఖ్య మారుతుంది గానీ విభజన వేరు. ముగ్గురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు, మూడు పుస్తకాలు అంటాం. మనుషులా కాదా అన్నదే మనకు తేడా. ఆ అలవాటుతో ‘త్రయః బాలకాః, త్రయః బాలికాః’ అనేస్తారు. త్రయః బాలకాః, తిస్రః బాలికాః, త్రీణి పుస్తకాని అని మూడింటినీ కలిపి అభ్యాసం చేయాలి. విడిగా త్రీణి ఒక్కటే బట్టీపడితే వాక్యంలో ‘త్రీణి బాలకాః’ వచ్చేస్తుంది.

వేదపాఠి

ఉచ్చారణ గురించి ఒక మాట. చమకం పుస్తకాల్లో ‘ఏకవిగ్ంశతిశ్చ’, ‘త్రయస్త్రిగ్ంశచ్చ’ అని అచ్చవుతుంది. కృష్ణయజుర్వేద పఠనంలో శ, ష, స, హ, రేఫల ముందు అనుస్వారాన్ని అలా పలుకుతారు. లౌకికంగా లెక్కపెట్టేటప్పుడు ఏకవింశతిః, త్రయస్త్రింశత్ అనాలి, ఆ ‘గ్ం’ని మాటల్లోకి తీసుకురాకూడదు.

సంధులు కూడా విడదీసి చూసుకోండి. ‘నవ చ మ ఏకాదశ చ మే’లో ఉన్నది మే + ఏకాదశ. ‘మేఽష్టౌ’ అంటే మే + అష్టౌ. చివర వచ్చే ‘శ్చ’, ‘చ్చ’ కూడా ‘చ’ కలవడం వల్ల వచ్చినవే. వింశతిః + చ వింశతిశ్చ అయింది, త్రింశత్ + చ త్రింశచ్చ అయింది. విడిగా చెప్పేటప్పుడు మళ్లీ వింశతిః, త్రింశత్ అనే అనాలి.

సంస్కృతాభ్యాసి

కృతజ్ఞతలండీ. మరి ద్వాదశ, త్రయోదశ, అష్టావింశతి అని దీర్ఘాలు, ఓకారాలు ఎందుకు? ద్విదశ, త్రిదశ అనకూడదా?

వ్యాకరణం మాస్టారు

అనకూడదు. పాణిని దీనికి వరసగా మూడు సూత్రాలు చేశాడు (6.3.47 నుంచి 49). పదులతో కలిసేటప్పుడు ద్వి ‘ద్వా’ అవుతుంది, అష్ట ‘అష్టా’ అవుతుంది, త్రి ‘త్రయః’ అవుతుంది. అందుకే ద్వాదశ, ద్వావింశతిః, ద్వాత్రింశత్, త్రయోదశ, త్రయోవింశతిః, త్రయస్త్రింశత్, అష్టాదశ, అష్టావింశతిః, అష్టాత్రింశత్. ‘అష్టదశ పురాణాలు’ అని రాస్తే తప్పయ్యేది ఈ కారణం చేతనే.

నలభై మొదలుకొని ఇది ఐచ్ఛికం. 42ని ద్వాచత్వారింశత్ అన్నా ద్విచత్వారింశత్ అన్నా సరే. చమకంలోని అష్టాచత్వారింశత్ దీర్ఘరూపం, అష్టచత్వారింశత్ కూడా సాధువే. ఎనభైకి మాత్రం ఈ మార్పు లేనే లేదు. 82 ద్వ్యశీతిః, 83 త్ర్యశీతిః అనే ఉంటాయి. 88 అష్టాశీతిః అన్నారుగా అని అడుగుతారు. ఆ దీర్ఘం అష్ట + అశీతిలో సవర్ణదీర్ఘసంధి వల్ల వచ్చింది, ఈ సూత్రం వల్ల కాదు.

ఆరుది సంధి చిక్కు. షట్ + దశ షోడశ అవుతుంది. ఇక షడ్వింశతిః, షట్త్రింశత్, షట్చత్వారింశత్, షట్పంచాశత్, షట్షష్టిః, షట్సప్తతిః, షడశీతిః, షణ్ణవతిః. వీటిని వరసగా పైకి చదవడం కంటే మేలైన మార్గం లేదు. తొమ్మిదికి రెండు దారులు. చమకంలో ఉన్నట్టు నవదశ, నవవింశతిః అనవచ్చు, ‘ఒకటి తక్కువ ఇరవై’ అనే అర్థంలో ఏకోనవింశతిః అనీ అనవచ్చు. రెండో దారి పడితే తర్వాతి పదిని పట్టుకోవాలి. 29 ఏకోనత్రింశత్ అవుతుంది. ఏకోనవింశతిః అంటే 19.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వరస తిప్పడం. తెలుగులో ఇరవై అయిదు అంటాం, పది ముందు. సంస్కృతంలో ఒకట్ల స్థానం ముందు: పంచవింశతిః. కాగితం మీద 25, 52, 36, 63 అని జంటలుగా రాసుకుని చదవండి. పంచవింశతిః, ద్విపంచాశత్, షట్త్రింశత్, త్రిషష్టిః. తలకిందులైతే వెంటనే పట్టుబడుతుంది.

తెలుగు పంతులమ్మ

పదులలో తెలుగువాళ్లకు పెద్ద గొడవ అరవై దగ్గర. షష్టిః అంటే 60, టవర్గంలో మొదటి అక్షరం, ఒత్తు లేదు. షష్ఠీ అంటే ఆరవది, ఒత్తు ఉంది. అరవై ఏళ్లు నిండితే షష్టిపూర్తి, తిథి అయితే సుబ్రహ్మణ్య షష్ఠి. శుభలేఖల్లో ‘షష్ఠిపూర్తి’ అని వేస్తే ఆరో ఏడు నిండినట్టు. అచ్చుకు ఇచ్చేముందు ఆ ఒక్క అక్షరం చూడమని అందరికీ చెప్పండి, నిజంగా బాధ కలుగుతుంది.

సంస్కృతాభ్యాసి

ఇరవై దాటాక వాక్యంలో ఎలా వాడాలి? వింశతయః బాలకాః అనాలా?

వ్యాకరణం మాస్టారు

అమరకోశం దీన్ని ఒక్క శ్లోకంలో తేల్చింది:

వింశత్యాద్యాః సదైకత్వే సర్వాః సంఖ్యేయసంఖ్యయోః
సంఖ్యార్థే ద్విబహుత్వే స్తస్తాసు చానవతేః స్త్రియః

ఇరవై మొదలు సంఖ్యాపదాలన్నీ ఏకవచనంలోనే ఉంటాయి. ‘ఆ నవతేః స్త్రియః’, తొంభైల దాకా స్త్రీలింగాలు. శతమ్, సహస్రమ్ నపుంసకాలు. కాబట్టి వింశతిః బాలకాః, వింశతిః పుస్తకాని, శతం బాలికాః. సంఖ్యనే లెక్కపెట్టేటప్పుడు మాత్రమే ద్వే వింశతీ (రెండు ఇరవైలు) వంటి ద్వివచన బహువచనాలు.

విభక్తి మరచిపోకండి. ‘ఇరవై మంది పిల్లలతో’ అన్నప్పుడు తెలుగులో ‘తో’ చివర ఒక్కసారే వస్తుంది, ఇరవై కదలదు. సంస్కృతంలో సంఖ్య కూడా కదులుతుంది: వింశత్యా బాలకైః. వింశతి మతి శబ్దంలా నడుస్తుంది. త్రింశత్ అయితే త్రింశతా బాలకైః. 5 నుంచి 19 దాకా బహువచనం: పంచభిః బాలకైః, షణ్ణాం బాలకానామ్. స్త్రీలింగంలో షష్ఠీ బహువచనం తిసృణామ్, చతసృణామ్. నదీనామ్, మతీనామ్ చూసి ‘తిసౄణామ్’ అని దీర్ఘం పెట్టకండి.

వేదపాఠి

నూరు దాటితే ‘అధిక’, ‘ఉత్తర’ అనే మాటలు పట్టుకోండి, చిన్న సంఖ్య ముందు. 108 అష్టోత్తరశతమ్. మనం పూజలో అష్టోత్తరం అని కుదించేశాం, నిజానికి ఆ ముక్కకు ‘ఎనిమిది ఎక్కువైన’ అనే అర్థం, నూరు అందులో లేదు. నూటపదహారు షోడశోత్తరశతమ్. వేయిన్నూటపదహారు షోడశాధికశతాధికసహస్రమ్. 2025 పంచవింశత్యధికద్విసహస్రమ్.

‘అధిక’ వదిలేస్తే చిక్కే. ద్విశతమ్ అని ఊరికే అంటే 102 అనీ 200 అనీ రెండు రకాలుగా తీసుకోవచ్చు. 102కి ద్వ్యధికం శతమ్, 200కి ద్వే శతే అంటే సందేహం ఉండదు.

తెలుగు పంతులమ్మ

పూరణార్థకాలు (ఇరవయ్యో, అరవయ్యో వంటి వరస సంఖ్యలు) కూడా చెప్పేస్తే బాగుంటుంది, ఆహ్వానపత్రాల్లో అవే పడతాయి. ఇరవయ్యో వార్షికోత్సవానికి వింశః, వింశతితమః రెండూ చెల్లుతాయి కదండీ?

వ్యాకరణం మాస్టారు

రెండూ చెల్లుతాయి. యాభై దాకా అంతే: పంచాశః, పంచాశత్తమః. అరవై, డెబ్భై, ఎనభై, తొంభైలు విడిగా ఉంటే మాత్రం ‘తమ’ తప్పనిసరి: షష్టితమః, సప్తతితమః, అశీతితమః, నవతితమః. ముందు ఒకట్లు చేరితే మళ్లీ రెండూ వస్తాయి, 61వది ఏకషష్టః లేదా ఏకషష్టితమః. నూరవది శతతమః. అరవయ్యో వార్షికోత్సవానికి పత్రిక వేస్తుంటే ‘షష్టితమ వార్షికోత్సవం’ అని రాయండి.