కొట్టు కంప్యూటర్‌లో వైర్‌గార్డ్ సర్వర్: వైఫైలో పనిచేస్తోంది, విశాఖ నుంచి రావడం లేదు

పర్లాకిమిడి_కొట్టు:
అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మాకు సిమెంటు, ఇనుము కొట్టు ఉంది, లెక్కలన్నీ అక్కడి విండోస్ 11 కంప్యూటర్‌లోనే. మా తమ్ముడు విశాఖలో ఉంటాడు, రాత్రిపూట ఖాతాలు వాడే చూడాలి. మన లెక్కలు ఎవరిదో కంపెనీ సర్వర్ మీదుగా పోవడం నాన్నగారికి ఇష్టం లేదు, అందుకే సొంతంగా వైర్‌గార్డ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లని ఇంటర్నెట్ మీదుగా రహస్యంగా కలిపే వీపీఎన్ ప్రోగ్రామ్) పెట్టాను. వీపీఎన్ లోపల కొట్టు కంప్యూటర్‌కి 10.8.0.1, తమ్ముడికి 10.8.0.2 అడ్రసులు ఇచ్చాను, బయటి నుంచి వచ్చేది కొట్టు కంప్యూటర్‌కి చేరేలా రూటర్‌లో యూడీపీ 51820 పోర్టు ఫార్వర్డ్ చేశాను, విండోస్ ఫైర్‌వాల్‌లోనూ తెరిచాను. కొట్టు వైఫైలో ఫోన్ నుంచి వెంటనే కనెక్ట్ అవుతోంది. విశాఖలో మాత్రం యాక్టివ్ అని చూపిస్తుంది, వచ్చిన డేటా సున్నా. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.72తో మొదలవుతోంది, అదేమైనా తేడానా? నెట్ ఇచ్చినవాళ్లని అడిగితే నెట్ వస్తోంది కదా అంటున్నారు. మూడు రోజులుగా ఇదే టెన్షన్.

బరంపురం_నెట్:
తమ్ముడూ, నువ్వు చేసినదాంట్లో తప్పేమీ కనిపించడం లేదు, ఆ 100.72 దగ్గరే ఉంది అసలు సంగతి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు 2012లో నెట్ కంపెనీల లోపలి వాడకానికని కేటాయించినవి. అంటే ఒక పబ్లిక్ ఐపీని మీ వీధిలో చాలా ఇళ్లకు కలిపి ఇచ్చారు, దీన్నే సీజీనాట్ అంటారు. విశాఖ నుంచి వచ్చే ప్యాకెట్ కంపెనీ పెట్టె దగ్గరే ఆగిపోతుంది, నీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా దానికి తెలియదు. ఫోన్ చేసి నెట్ రావడం లేదనకు, పబ్లిక్ స్టాటిక్ ఐపీ, అంటే మీకొక్కరికే ఉండే మారని అడ్రస్ కావాలని అను. కొందరు నెలకింతని తీసుకుని ఇస్తారు.

రాయగడ_లినక్స్:
స్టాటిక్ ఐపీ ఇవ్వలేమని వాళ్లంటే చిన్న లినక్స్ వీపీఎస్ (పబ్లిక్ ఐపీ ఉండే ఇంటర్నెట్ సర్వర్) ఒకటి అద్దెకు తీసుకోండి. కొట్టు, తమ్ముడు ఇద్దరూ దానికే కనెక్ట్ అవుతారు, కొట్టు వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 పెడితే 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పోతుంది, దారి మూసుకుపోదు. నేను రెండేళ్లుగా ఇలాగే నడుపుతున్నాను. కాకపోతే ఆ వీపీఎస్ దగ్గర డేటా విప్పి మళ్లీ కడుతుంది కాబట్టి దాని పాస్‌వర్డ్, అప్‌డేట్లు జాగ్రత్త. హెడ్‌స్కేల్ (టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్‌కి మనమే నడుపుకునే కంట్రోల్ సర్వర్) పెట్టమని ఎవరైనా చెప్తే దాన్ని కూడా ఆ లినక్స్ మీదే పెట్టండి, కొట్టు విండోస్‌లో కాదు.

సిరొంచ_గోదారి:
ఇక్కడ గడ్చిరోలి జిల్లాలో కరెంటు పోయి వస్తూనే ఉంటుంది కాబట్టి నా అనుభవం చెప్తున్నాను. వైర్‌గార్డ్ టన్నెల్ (కనెక్షన్) ఆన్‌లో ఉండగా కంప్యూటర్ ఆగిపోతే, మళ్లీ లేచాక అదే కలుస్తుంది, కానీ కంప్యూటర్ తనంతట లేవాలంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టాలి. స్లీప్ ఆపేయండి. రూటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒకే లోకల్ ఐపీ ఉండేలా రిజర్వ్ చేయండి, లేకపోతే ఫార్వర్డ్ చేసిన పోర్టు వేరే దానికి పోతుంది. ఇంకొకటి, విసిగిపోయి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 మాత్రం నేరుగా నెట్‌కి తెరవకండి అన్నా, దయచేసి. అలా తెరిచిన మా బంధువుల ఆఫీసులో ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి.

పర్లాకిమిడి_కొట్టు:
బరంపురం అన్నయ్య చెప్పిన మాటే అన్నాను, స్టాటిక్ ఐపీ ఇచ్చారు. తమ్ముడి వైర్‌గార్డ్‌లో ఎండ్‌పాయింట్ (కనెక్ట్ కావాల్సిన అడ్రస్) దగ్గర కొత్త ఐపీ వేయగానే హ్యాండ్‌షేక్ వచ్చింది, అంటే రెండూ కలిశాయి! పింగ్ కూడా వెళ్తోంది, కానీ షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు.

సిరొంచ_గోదారి:
వైర్‌గార్డ్ అడాప్టర్‌ని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుని ఉంటుంది. ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ టీసీపీ 445కి (ఫోల్డర్ షేరింగ్ వాడే పోర్టు) అనుమతిస్తూ కొత్త రూల్ రాసి, రిమోట్ అడ్రస్‌లో 10.8.0.2 మాత్రమే పెట్టండి.

పర్లాకిమిడి_కొట్టు:
తెరుచుకుంది. తమ్ముడు నిన్నటి ఖాతా విశాఖలో కూర్చుని చూస్తున్నాడు, నాన్నగారు పక్కనే ఉండి వాడితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ముగ్గురికీ చాలా థ్యాంక్స్.