దుబాసీ అంటే బ్రోకరేనా?

దుబాసీ అంటే బ్రోకరేనని మన గ్రూపులో ఒకాయన తేల్చేసేరు కదండి, సగం నిజమే గానీ అక్కడితో ఆపేస్తే ఎలాగండి. ద్విభాషి లోంచి వచ్చిందది, రెండు భాషలు వచ్చినోడు, అంతే.

మా నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషోళ్ళు, పాలకొల్లులో డచ్చోళ్ళు, యానాంలో ఫ్రెంచోళ్ళు (వీళ్ళైతే 1954 దాకా కదల్లేదు) అందరూ బట్టల బేరానికే దిగేరు. నేతోళ్ళకి దొర మాట తెలీదు, దొరకి మన మాట తెలీదు, మధ్యలో నిలబడ్డోడు మాటతో పాటు బేరం కూడా తనే నడిపేవోడు, బయానా ఇప్పించేవోడు, తన వాటా తను తీసుకునేవోడు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గరున్న ఆనందరంగ పిళ్ళై కూడా అంతే కదా, దుబాసీయే, పెద్ద వర్తకుడు కూడా. చెడ్డపేరు అలా వచ్చిందనుకుంటాను.

కానీ మన ఏలూరు కావలి బొర్రయ్య సంగతేంటి? ఇంగ్లీషోళ్ళ కంపెనీలో సర్వే చేసే మెకంజీ దొర దగ్గర దుబాసీ పని చేస్తానే ఊళ్ళ చరిత్రలు, శాసనాలు పోగేసేడు, 1803లో బొర్రయ్య పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరే. వీళ్ళనీ బ్రోకర్లందామా?

నాకైతే అసలు గొడవంతా ఇంకోళ్ళ మాట చెప్పేటప్పుడు మనం తగిలించే 'అంట' దగ్గరుందనిపిస్తది. మొన్న భీమవరంలో ఒక ఆస్పత్రిలో కూర్చుంటే, రొయ్యల ప్లాంటులో పనిచేసే ఒడియా పిల్లని సూపర్‌వైజరు తీసుకొచ్చేడు. ఆ పిల్ల పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ వీపు చూపించి, గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పింది, ఈయన డాక్టర్ గారితో "కడుపునొప్పంటండి" అనేసి ఊరుకున్నాడు. అంత మాటకి ఇంతేనా! నెలసరి గురించి డాక్టర్ గారు అడిగితే ఈయన ఆ పిల్లని అడగనే లేదు, "అదేం లేదంటండి" అన్నాడు. మగమనిషి, పైగా పని ఇచ్చేవోడు, అతని ముందు ఆ పిల్ల మాత్రం ఏం చెప్పుద్ది. డాక్టర్ గారికి అనుమానం వచ్చి ఒడియా వచ్చిన పర్లాకిమిడి వైపు నర్సుని పిలిచి, ఈయన్ని బయట కూర్చోమన్నారు. అప్పుడు తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడేరు.

ఇదే మా వైపు సువార్త సభల్లో చూడండి, తెల్లాయన "నేను" అంటే పక్కనున్న మనోడు కూడా "నేను" అనే అంటాడు, "నా భార్యా నేనూ ఓడెక్కి వచ్చేం" అంటాడు, ఆయన చెయ్యెత్తితే ఈయనా ఎత్తుతాడు, ఆ భార్య ఎవరి భార్యో జనానికి బాగానే తెలుసు, ఎవరూ తికమక పడరు. 'ఆయన వచ్చేడంట' అనడు. 'అంట' అన్నామంటే మధ్యలో మనం దూరినట్టే, కొంచెం తగ్గించినా పెంచినా అడిగేవోడుండడు. కోర్టుల్లో ఆస్పత్రుల్లో ఈ పనికి ట్రైనింగిచ్చే చోట కూడా ముందుగా నేర్పేవాటిల్లో ఈ 'నేను' అనడం ఒకటండి.

కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళొచ్చినోళ్ళు గ్రూపులో చాలామంది ఉన్నారు కదా. అక్కడ సేఠు మాట మీకు తెలుగులో చెప్పేవోళ్ళు "నేను" అనేవోళ్ళా, "అంట" అనేవోళ్ళా? అలా చెప్పేవోణ్ణి మీరు ఏమని పిలిచేవోరు? దుబాసీ అని మాత్రం అనుండరు, ఏ మాట వాడేరో రాయండి.