టెక్సస్‌లో ప్రైవేట్ భూమిలో వేట: హద్దులు, ఓనర్ వివరాలు ముందే ఎలా కనుక్కోవాలి?

డెంటన్_కొత్త

అందరికీ నమస్కారం. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఆన్‌లైన్‌లో అయిపోయింది, ఈ సీజన్ లైసెన్సు కూడా తీసుకున్నాను. ముందు అడవిపందులు, నవంబరులో డీర్ అని ఆలోచన. వైజ్ కౌంటీలో ఒక కౌంటీ రోడ్డు పక్కన మెస్కీట్ పొదలతో దాదాపు 80 ఎకరాల బిట్టు ఉంది, వెనకాల వాగు. భూముల హద్దులు, ఓనర్ల పేర్లు చూపించే ఆన్‌ఎక్స్ యాప్‌లో చూస్తే ఏదో ఎల్ఎల్‌సీ (ఒక రకం ప్రైవేట్ కంపెనీ) పేరు వస్తోంది తప్ప మనిషి పేరు లేదు. ముళ్ళకంచె ఉంది, బోర్డు ఎక్కడా లేదు. కానీ రెండు మూడు కంచె గుంజల మీద ఊదారంగు గీతలు కనిపించాయి.

యాప్‌లో చూపించే గీతని ఎంతవరకు నమ్మొచ్చు? కంపెనీ పేరు వెనకున్న మనిషిని ఎలా పట్టుకోవాలి? ఆ ఊదారంగు ఏమిటి? హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఇంకేమైనా చూసుకోవాలా?

మెస్కీట్_నీడ

ఊదారంగు సంగతి ముందు చెప్తాను, అది తెలియకుండా గేటు దాకా కూడా వెళ్ళకూడదు. టెక్సస్ చట్టంలో ఆ గీత "లోపలికి రావద్దు" బోర్డుతో సమానం. నిలువు గీత, కనీసం 8 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు. గీత కింది కొన నేల నుంచి 3 అడుగులకు తగ్గకూడదు, 5 అడుగులకు మించకూడదు. చెట్లు దట్టంగా ఉన్న భూమిలో 100 అడుగులకొకటి, మిగతా చోట్ల 1,000 అడుగులకొకటి ఉంటే చాలు. మీకు రెండు మూడే కనిపించింది అందుకే. రంగు లేకపోయినా పశువుల కోసం కట్టిన కంచే నోటీసు కింద లెక్క. వేట విషయంలో అదీ అక్కర్లేదు: ఓనర్ ఒప్పుకోలు లేకపోతే కంచె లేని బీడులో వేటాడినా నేరమే. అలా డీర్‌ని చంపితే స్టేట్ జైల్ ఫెలొనీ (జైలు శిక్ష పడే పెద్ద నేరం) దాకా పోతుంది.

ఇక ఓనర్. టెక్సస్‌లో 254 కౌంటీలు, భూముల పన్ను లెక్క కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ చూస్తుంది. వైజ్ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో మ్యాప్ తెరిచి ఆ బిట్టు మీద నొక్కితే ప్రాపర్టీ ఐడీ, ఓనర్ పేరు, ఉత్తరాల అడ్రసు, ఎకరాలు, లీగల్ డిస్క్రిప్షన్ వస్తాయి. యాప్‌లు వాడేది కూడా ఈ డేటానే, కాకపోతే కొన్ని నెలలు పాతది. పన్ను రికార్డు జనవరి 1 నాటి ఓనర్‌ని బట్టి నడుస్తుంది కాబట్టి ఈ ఏడాది మధ్యలో అమ్ముడుపోయిన భూమికి పాత పేరే కనిపించొచ్చు. అందుకని అక్కడితో ఆగకుండా కౌంటీ క్లర్క్ రికార్డుల్లో అదే పేరు మీద చివరి డీడ్ ఏదో చూడండి. మన దగ్గర పహాణీలో పేరు చూసి, ఆ తర్వాత సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ తీసినట్టే.

ఎల్ఎల్‌సీ అయితే టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల ఆఫీసు) సైట్‌లో టాక్సబుల్ ఎంటిటీ సెర్చ్ ఉంది, డబ్బులేమీ అడగదు. రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున నోటీసులు అందుకునేవాళ్ళు) పేరు, అడ్రసు అక్కడ ఉంటాయి. చాలా కంపెనీలకు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్టులో మేనేజర్ల పేర్లూ ఉంటాయి. మీకు కావలసిన మనిషి అక్కడే దొరుకుతాడు.

ఒక తికమక ఉంది, చాలామంది ఇక్కడ దెబ్బ తింటారు. టెక్సస్‌లో భూమి పైభాగం హక్కు వేరు, కింద నూనె, గ్యాస్ హక్కు వేరు. పేరుతో వెతికితే మినరల్ అకౌంట్లు కూడా వరసగా వస్తాయి, ఒకే భూమికి పదిమంది కనిపిస్తారు. వేటకి అనుమతి ఇవ్వాల్సింది పైభూమి ఓనరే. ఎకరాలూ, మార్కెట్ విలువా చూపించే రియల్ ప్రాపర్టీ అకౌంటే చూడండి.

గట్టు_లెక్క

హద్దుల గురించి నేను రాస్తాను.

యాప్ గీత సర్వే కాదు. "ఈ మ్యాప్ సర్వే కింద పనికిరాదు" అని అప్రైజల్ డిస్ట్రిక్టులే తమ మ్యాపుల మీద రాసుకుంటాయి. పన్ను వెయ్యడానికి సరిపోయేంత సరిగ్గా గీస్తారు, అంతే. గీత పదుల అడుగులు పక్కకు జరిగి ఉండటం మామూలే. దానికి తోడు మీ ఫోన్ జీపీఎస్ ఖాళీ ఆకాశం కింద కూడా దాదాపు 16 అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, వాగు లోతట్టులో ఇంకా ఎక్కువ. రెండు తప్పులూ ఒకే వైపు కలిశాయంటే మీరు పక్కవాడి భూమిలో నిలబడి కూడా లోపలే ఉన్నామనుకుంటారు.

గీత ఎంత జరిగిందో ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టుకుని ఆ చుట్టుపక్కల ఏడెనిమిది బిట్ల కంచె మూలలు చూడండి. గీతలన్నీ ఒకే దిక్కుకి, ఒకే దూరంలో జరిగి ఉంటే మ్యాపే జరిగిందన్నమాట, మీ బిట్టుకీ అంతే తేడా ఉంటుంది. ఒక్కో గీత ఒక్కో వైపు పోతుంటే ఆ ప్రాంతంలో మ్యాప్‌ని నమ్మొద్దు. రోడ్డు వైపు గీత రోడ్డు నడిమధ్యలో కనిపిస్తే కంగారు పడకండి, పాత డీడ్లలో భూమి రోడ్డు మధ్య దాకా రాయడం ఉంది. అలాగని రోడ్డు మీంచి వేటాడే హక్కు వచ్చినట్టు కాదు. పబ్లిక్ రోడ్డు మీదా, దాని మార్జిన్‌లోనూ వేట నిషేధం.

క్లర్క్ రికార్డులో దొరికిన డీడ్ చదవడం నేర్చుకోండి. టెక్సస్‌లో క్యాన్సస్‌లా చదరపు సెక్షన్ల కొలత లేదు. స్పానిష్ కాలం నుంచి వచ్చిన సర్వేలు, ఒక్కో సర్వేని గుర్తుపట్టడానికి అబ్‌స్ట్రాక్ట్ నంబర్లు. పాత డీడ్లలో దూరం "వారా" అనే స్పానిష్ కొలతలో ఉంటుంది. ఒక వారా అంటే 33⅓ అంగుళాలు. "తూర్పుగా 950 వారాలు, అక్కడ ఇనుప రాడ్" అని ఉంటే అది దాదాపు 2,639 అడుగులు, అంటే అర మైలు. గజాలనుకుని లెక్కేస్తే 2,850 అడుగులు వస్తుంది. 200 అడుగులకు పైగా పక్కవాడి భూమిలోకి వెళ్ళిపోయినట్టు. డీడ్‌లోని దిక్కుల్ని దిక్సూచి పట్టుకుని నడవొద్దు, అయస్కాంత ఉత్తరం ఏళ్ళ తరబడి జరుగుతూ వస్తుంది.

నేల మీద వెతకాల్సింది మూలలు. అనుమతి వచ్చాక ఓనర్‌తో కలిసి నడుస్తూ చూడండి. సర్వే చేసిన మూలలో సాధారణంగా అర అంగుళం ఇనుప రాడ్ నేలకు సమంగా దిగేసి ఉంటుంది, పైన ప్లాస్టిక్ టోపీ, దాని మీద సర్వేయర్ లేదా కంపెనీ పేరో నంబరో. గడ్డి కింద కప్పుకుపోతుంది కాబట్టి బూటుతో గీకి చూడాలి. కంచెని మాత్రం హద్దు అనుకోకండి. ముఖ్యంగా వాగు దగ్గర హద్దు నీటి మధ్యలో ఉన్నా, వరదకు కొట్టుకుపోకుండా కంచెని గట్టు మీదికి జరిపి కడతారు.

డెంటన్_కొత్త

చాలా థాంక్స్ అండి. వాగు వైపు దాదాపు 40 అడుగుల ఎడంతో రెండు కంచెలున్నాయి, మధ్యలో ఖాళీ. ఎల్ఎల్‌సీ ఏజెంట్ ఒక లా ఆఫీసు. లోపల ఆవులు తిరుగుతున్నాయి. ఇప్పుడు ఎవరిని అడగాలి?

గట్టు_లెక్క

రెండు కంచెల మధ్య ముక్కని రెండు వైపుల ఓనర్లూ "ఇది నాది" అని చెప్పేదాకా ఎవరిదీ అనుకోవద్దు. లోపలి కంచె దాటకండి, బాణం కూడా అటు వెయ్యకండి. బ్లైండ్ (దాక్కుని కూర్చునే గూడు) పెట్టే చోటు ఆ కంచెకి కనీసం 50 గజాలు లోపలికి ఉంచుకుంటే సగం గొడవలు రావు.

డీర్‌లీజు

ఆవులున్నాయంటే భూమి మేతకి కౌలుకిచ్చి ఉంటారు. గేటు చూడండి. గొలుసులో మూడు నాలుగు తాళాలు ఒకదానికొకటి తగిలించి ఉంటే ఒకటి పశువుల కౌలుదారుది, ఒకటి పైప్‌లైన్ వాళ్ళది, ఒకటి కరెంటు వాళ్ళది, నాలుగోది వేటగాళ్ళది అయ్యే అవకాశం ఎక్కువ. రోడ్డు మీంచి ఫీడరో (జంతువులకి మేత వేసే డబ్బా), బ్లైండో కనిపించినా అంతే, డీర్ లీజు (డీర్ వేటకి భూమిని కౌలుకి తీసుకోవడం) అప్పటికే ఎవరికో ఉండొచ్చు. అప్పుడు ఓనర్ "సరే" అన్నా లీజుదారుతో తగాదా తప్పదు. డీర్ లీజున్న చోట కూడా కొందరు జనవరి తర్వాత పందుల కోసం రానిస్తారు, ఆ మాటే అడగండి.

కౌలుదారు అనుమతి ఇవ్వలేడు, కానీ ఓనర్ ఫోన్ నంబరు అతని దగ్గరే ఉంటుంది. పక్క ఇంటివాళ్ళని అడగొచ్చు. లా ఆఫీసుకి మాత్రం ఉత్తరం రాయండి: ప్రాపర్టీ ఐడీ, రోడ్డు పేరు, మీరెవరు, ఏ జంతువు, ఏ ఆయుధం, ఏ తేదీల మధ్య, ఎంతమంది. ఒక పేజీ దాటకూడదు. ఆగస్టులోపు రాస్తే జవాబు వస్తుంది, సీజన్ ముందు వారం రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఇంటికి వెళ్ళేట్టయితే పగటిపూట, కామఫ్లాజ్ బట్టలు లేకుండా, తుపాకీ కార్లో కూడా లేకుండా వెళ్ళండి. ట్రస్టు గానీ, అన్నదమ్ముల ఉమ్మడి గానీ అయితే ఒక్కరి ఒప్పుకోలుతో సరిపెట్టుకోకండి, మిగతావాళ్ళకి తెలిసిందో లేదో అడగండి.

ఓనర్లు భయపడేది దెబ్బ తగిలితే కేసు పడుతుందని. టెక్సస్‌లో డబ్బు తీసుకోకుండా వేటకి రానిచ్చిన ఓనర్ మీద బాధ్యత చాలా పరిమితం, ఆ చట్టం సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 75వ అధ్యాయంలో ఉంది. డబ్బు తీసుకుంటే మాత్రం ఓనర్ దగ్గర హంటింగ్ లీజ్ లైసెన్సు ఉండాలి. లయబిలిటీ ఇన్సూరెన్సు మీరే తీసుకుంటామంటే చాలామంది మెత్తబడతారు.

టెక్సస్‌లో నోటిమాట అనుమతి చెల్లుతుంది, అయినా కాగితం లేకుండా దిగకండి. కాగితంలో ప్రాపర్టీ ఐడీ, తేదీలు, జంతువు, ఆయుధం, బండి నంబరు, సంతకం, ఫోన్ నంబరు, వెనక హద్దులు గీసిన మ్యాప్ ప్రింటు. ఫోన్‌లో ఫోటో, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోవడం కూడా. వాగు దగ్గర సిగ్నల్ ఉండదు.

వీసా_ప్రశ్నలు

హెచ్-1బి సంగతి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ నిషేధం లేదు.

ఇక్కడో ఉచ్చు ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేట్ భూమి మీద, ఓనర్ అనుమతితో అడవిపందిని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. అది విని "పందులకేగా" అని లైసెన్సు వదిలేస్తే హెచ్-1బి మనిషికి తుపాకీ పట్టుకునే మినహాయింపే పోతుంది. టెక్సస్ లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న డవ్ (పావురం లాంటి పిట్ట) సీజన్‌కి వెళ్ళేవాళ్ళు కొత్తది చేతిలో పెట్టుకునే వెళ్ళాలి. ట్రెస్‌పాస్ (అనుమతి లేకుండా ఇతరుల భూమిలోకి వెళ్ళడం) లాంటి చిన్న కేసు కూడా వీసా స్టాంపింగ్‌లో బయటికొస్తుంది కాబట్టి హద్దు జాగ్రత్త మనకి ఇంకా ఎక్కువ కావాలి. అరెస్టు దాకా పోతే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

విచిటా_రైతు

క్యాన్సస్ నుంచి ఒక మాట. ఇక్కడ కూడా ఊదారంగు ఉంది, అర్థం "రాతపూర్వక అనుమతితోనే వేట". ఒహాయోలో రంగు ఉన్నా లేకపోయినా కాగితం తప్పనిసరి. ఒక రాష్ట్రం నియమం పట్టుకుని ఇంకో రాష్ట్రానికి వెళ్ళకండి. ఇక్కడ హద్దులు తేలిక: సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. పావు సెక్షన్ 160.

డెంటన్_కొత్త

చివరిగా ఒకటి. నా బాణం తగిలిన డీర్ కంచె దూకి పక్క భూమిలో పడితే?

డీర్‌లీజు

దాటకూడదు. దెబ్బతిన్న జంతువు వెనక పక్కవాడి భూమిలోకి వెళ్ళే హక్కు టెక్సస్‌లో లేదు. పడిన చోటు కంచె ఇవతలి నుంచి యాప్‌లో గుర్తు పెట్టుకుని, పక్క ఓనర్‌కి ఫోన్ చెయ్యండి. దొరక్కపోతే ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు అమలు చేసే అధికారి) ఫోన్ చెయ్యండి, నంబర్లు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో ఉంటాయి. వార్డెన్ ఓనర్‌తో మాట్లాడి పెట్టగలడు గానీ అతను కూడా ఓనర్‌ని బలవంతపెట్టలేడు. కాబట్టి అనుమతి అడిగే రోజే చుట్టూ ఉన్న నాలుగు బిట్ల ఓనర్ల పేర్లు, నంబర్లు కూడా రాసుకోండి.

ఇంకొకటి, వేటలో మీరు కాల్చిన గుండు హద్దు దాటినా నేరమే, జంతువు ఇవతలే ఉన్నా సరే. బాణానికీ ఇదే. డవ్ కోసం వాడే ఏడున్నర నంబరు షాట్‌గన్ రవ్వలు కూడా 200 గజాల దాకా పోతాయి. 80 ఎకరాల్లో హద్దు వైపు తిరిగి కూర్చోకండి, మధ్యలోకి చూసేలా కూర్చోండి. రైఫిల్ అయితే వెనక మట్టి గట్టు కనిపించకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.