ఉదయగిరి ముట్టడిని రోల్‌ప్లే గేమ్‌గా ఆడబోతున్నాం, సలహా కావాలి

నమస్కారమండీ, మాది నెల్లూరు. ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి డైస్ వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లోనే వచ్చినా మా ఊళ్లో ఆడేవాళ్లు తక్కువ. ఉన్న కొద్దిమందిమి శనివారం సాయంత్రాలు మా మిద్దె మీద చాప పరుచుకుని కూర్చుంటాం. ఇరవై ముఖాల డైస్ దొర్లి ఆగేదాకా ఎవరూ ఊపిరి పీల్చరు. ఆట అయ్యాక చేపల పులుసు అన్నంతో అర్ధరాత్రి దాకా కబుర్లు. నాకైతే అదీ ఆటలో భాగమే.

ఈసారి రెండు రోజులు అనుకుంటున్నాం. శనివారం మామూలు టేబుల్‌టాప్, అంటే కూర్చుని డైస్‌తో ఆడేది. ఆదివారం మైపాడు దగ్గర సరుగుడు తోటలో వేషాలతో లైవ్ యాక్షన్, అంటే డైస్ లేకుండా పాత్రలను నిజంగా నటిస్తూ ఆడేది. కథ మన ఉదయగిరి కోటది. 1514లో కృష్ణదేవరాయలు దాన్ని గజపతుల నుంచి గెలుచుకునే ముందు ముట్టడి ఏడాదికి పైగా సాగింది. నన్ను పట్టి లాగింది కత్తియుద్ధం కాదు, గింజలు అయిపోతున్న కోటలో మనుషులు ఒకరినొకరు ఎలా నమ్మారన్నది. అందుకే ధాన్యం కొట్టు కాసే ముసలామె, దొంగదారి తెలిసిన గొర్రెల కాపరి లాంటి పాత్రలు రాశాను.

కత్తులకు పీవీసీ పైపు మీద ఫోమ్ చుట్టి, మొనకు ఇంకాస్త మందంగా వేస్తున్నాం. తలకు గురిపెట్టకూడదని నియమం.

డైస్ లేకుండా దెబ్బ తగిలిందో లేదో గొడవ రాకుండా ఎలా తేలుస్తారు? మా పిన్ని కూతుళ్లు మొదటిసారి వస్తున్నారు, బాగా సిగ్గరులు. వాళ్లకు ఎలాంటి పాత్ర ఇస్తే నోరు విప్పుతారు? తోట యజమాని సరేనన్నారు, పోలీస్ స్టేషన్‌లో కూడా ముందుగా చెప్పాలా? ఒంగోలు, కావలి వైపు ఆడినవాళ్లుంటే తప్పక చెప్పండి.