గడ్డకట్టిన ఎలక్ట్రిక్ కారును వెచ్చబరచడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంటాం. గ్యారేజీ లేదు, కారు రాత్రంతా బయటే. మొన్న పొద్దున మైనస్ 20 డిగ్రీలు. అద్దం మీది మంచు గీకితే పెచ్చులుగా ఊడొచ్చింది గానీ, డోర్ హ్యాండిల్ లోపలే బిగుసుకుపోయింది. పాపను డేకేర్‌లో దింపాలి, ఒకటే టెన్షన్.

మాకున్నది మామూలు 120 వోల్టుల ప్లగ్గే. దాన్నుంచి వచ్చేది సుమారు 1.4 కిలోవాట్లు, హీటర్ మొదట్లో అంతకు రెండు మూడు రెట్లు లాగుతోంది. ప్లగ్‌లో ఉన్నా బ్యాటరీ తగ్గిపోతోంది. బయల్దేరే ముందు ఎన్ని నిమిషాలు వేడి చేస్తే చాలు? ఛార్జింగ్ సరిగ్గా బయల్దేరే వేళకు పూర్తయ్యేలా టైమ్ పెడితే బ్యాటరీ వెచ్చగా ఉంటుందా? నేనైతే సీటు హీటర్‌తో సర్దుకుంటాను. పిల్లల కారు సీట్లో బెల్టు వదులవుతుందని పాపకు మందపాటి కోటు వెయ్యకూడదు కదా, వెనక సీటు వెచ్చగా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.