మెదడులో బాణం ఎటు నుంచి ఎటు: డీసీఎమ్మా, గ్రేంజరా?

స్కాన్‌రూమ్ శిష్యుడు:
అందరికీ నమస్కారం. నా పీహెచ్‌డీ వర్కింగ్ మెమరీ (విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచే జ్ఞాపకం) మీద. ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో రక్తం మార్పులను చూపే స్కాన్) డేటా, టీఆర్ (ఒక స్కాన్‌కూ తర్వాతిదానికీ మధ్య సమయం) 2 సెకన్లు, చూస్తున్నవి మూడు ప్రాంతాలు: ప్రీఫ్రంటల్, పెరైటల్, విజువల్. వీటిలో ఏది దేన్ని నడిపిస్తోందో తేల్చాలి. మా గైడ్ డీసీఎం (డైనమిక్ కాజల్ మోడలింగ్: ఏ ప్రాంతం నుంచి దేనికి ప్రభావపు బాణం ఉందో ఊహించి మోడళ్లు కట్టి, డేటాకు ఏది బాగా సరిపోతుందో పోల్చడం) చేయించారు. రివ్యూయరేమో "మీ మోడల్ గెలిచింది మీరు పోటీకి పెట్టినవాటి మీదే కదా, గ్రేంజర్ కాజాలిటీ కూడా చేసి చూపండి" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?

గోదారి గణితం:
రివ్యూయర్ అడిగింది న్యాయమే. గ్రేంజర్ 1969లో ఆర్థికశాస్త్రం కోసం చెప్పిన పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. 'అ' అనే సిగ్నల్ గతం తెలిస్తే 'ఆ' అనే సిగ్నల్ భవిష్యత్తును ఇంకాస్త బాగా అంచనా వేయగలుగుతున్నామా, లేదా? అంతే. 2005లో రోబ్రూక్ బృందం దాన్ని ఎఫ్‌ఎంఆర్‌ఐలో వాడింది. ఏ బాణాలు ఉండాలో ముందే ఊహించి పెట్టక్కర్లేదు.

డీసీఎంలో అలా కాదు. మూడు ప్రాంతాల మధ్య ఆరు బాణాలు, ఒక్కొక్కటి ఉండొచ్చు, లేకపోవచ్చు. అంటే 64 మోడళ్లు. నాలుగు ప్రాంతాలైతే 4,096. ఆరైతే 107 కోట్లు దాటుతాయి. అందులోంచి నాలుగైదు ఏరుకుని పోటీ పెట్టి, గెలిచినదాన్ని మెదడు అంటే ఎలా? 2012లో లోమన్ బృందం గట్టిగా పట్టుకున్నది ఈ మోడళ్ల లెక్కనే.

హీమో హైమ:
ఆ విమర్శకు 2013లో ఫ్రిస్టన్ వాళ్లు జవాబిచ్చారు, అదీ చదవండి. సరే, అసలు సంగతికి వద్దాం. ఎఫ్‌ఎంఆర్‌ఐ కొలిచే బోల్డ్ సిగ్నల్ న్యూరాన్లది కాదు, రక్తానిది. న్యూరాన్ల కబురు పదుల మిల్లీసెకన్లలో చేరిపోతుంది. రక్తం స్పందన శిఖరానికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది, పైగా ఆ ఆలస్యం ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది. ప్రీఫ్రంటల్‌లో రక్తం కాస్త నెమ్మదైతే చాలు, పెరైటలే నడిపిస్తోందని గ్రేంజర్ చెప్పేస్తుంది.

2008లో డేవిడ్ బృందం పుట్టుకతో మూర్ఛ ఉన్న ఎలుకల్లో దీన్ని పరీక్షించింది. మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు కాబట్టి, మూర్ఛ సొమాటోసెన్సరీ కార్టెక్స్‌లో (స్పర్శను గ్రహించే భాగంలో) మొదలవుతోందని ధ్రువపడింది. ఎఫ్‌ఎంఆర్‌ఐ నుంచి డీసీఎం ఆ మాటే చెప్పింది. గ్రేంజర్‌ను నేరుగా బోల్డ్ మీద నడిపితే తప్పింది.

గోదారి గణితం:
హైమ గారూ, అదే పేపర్లో మిగతాది కూడా చెప్పండి. రక్తం ప్రభావాన్ని డీకాన్వల్యూషన్‌తో తీసేశాక గ్రేంజర్ కూడా సరైన జవాబే ఇచ్చింది. పైగా 2013లో సేథ్, చోర్లీ, బార్నెట్ లెక్క కట్టి చూపించారు: హీమోడైనమిక్ (రక్త స్పందన) ఆలస్యం ఒక్కటే గ్రేంజర్‌ను చెడగొట్టదు.

హీమో హైమ:
"ఒక్కటే" అన్నారు చూశారా! శాంప్లింగ్ (కొలతలు తీసే వేగం) నెమ్మదైతే చెడుతుందని కూడా వాళ్లే చూపించారు. ఇక్కడ టీఆర్ 2 సెకన్లు. ఎలుకల్లో డీకాన్వల్యూషన్ కుదరడానికి పక్కన ఈఈజీ (మెదడు విద్యుత్ రికార్డింగ్) ఉంది. శిష్యుడి దగ్గర ఉందా?

స్కాన్‌రూమ్ శిష్యుడు:
లేదండీ.

మూడో కన్ను:
2011లో స్మిత్ బృందం 5 నుంచి 50 నోడ్ల (ప్రాంతాల) దాకా కృత్రిమ నెట్‌వర్కులు తయారుచేసి రకరకాల పద్ధతులను పోల్చింది. రెండు చోట్ల మధ్య లింకు ఉందా లేదా అన్నది పార్షియల్ కోరిలేషన్ (మిగతా ప్రాంతాల ప్రభావం తీసేసి రెండిటి సంబంధం చూడటం) లాంటివి బాగానే పట్టాయి. దిశ విషయంలో చాలా పద్ధతులు తడబడ్డాయి, గ్రేంజర్ తరహావి మరీనూ. అయితే ఆ కృత్రిమ డేటా పుట్టింది డీసీఎం ఫార్వర్డ్ మోడల్ (న్యూరాన్ల నుంచి బోల్డ్ దాకా లెక్కించే సూత్రాలు) నుంచే. అత్తగారి వంటింట్లో కోడలి చేతివంటకు మార్కులు వేసినట్టుంది.

నా అభ్యంతరం వేరే. డీసీఎం పేపర్లలో లాగ్ ఎవిడెన్స్ (డేటా మోడల్‌ను ఎంత సమర్థిస్తోందో చెప్పే అంకె) తేడా 3 వచ్చిందని, అంటే ఇరవైకి ఒకటని, పండగ చేసుకుంటారు. అది రెండు మోడళ్ల మధ్య తేడా మాత్రమే. రెండూ డేటాలో రెండు శాతం కూడా వివరించకపోయినా ఆ 3 రావచ్చు. డేటాలోని హెచ్చుతగ్గుల్లో (వేరియన్స్‌లో) ఎంత వివరించిందో టేబుల్లో వేయండి.

శిష్యుడికి ఒక సలహా. గెలిచిన మోడల్ నుంచి, ఓడినవాటి నుంచి కూడా మీ టీఆర్‌తో, మీ స్థాయి నాయిస్‌తో కృత్రిమ డేటా పుట్టించండి. డీసీఎం, గ్రేంజర్ రెండూ దాని మీద నడపండి. ఏది అసలు బాణాన్ని తిరిగి పట్టుకుంటుందో ఆ పట్టిక రివ్యూయర్‌కి పంపండి. పేరున్న పేపర్లు పది ఉటంకించడం కన్నా అదే గట్టి జవాబు.

గోదారి గణితం:
దీనికి ఒప్పుకుంటా. కానీ డేటా డీసీఎంతో పుట్టిస్తే పక్షపాతమే. కొంత ఆటోరిగ్రెసివ్ మోడల్‌తో (గతం నుంచి భవిష్యత్తును లెక్కించే, గ్రేంజర్ వాడే మోడల్‌తో) కూడా పుట్టించాలి.

స్కాన్‌రూమ్ శిష్యుడు:
చేస్తానండీ. ఇంకో సందేహం: పల్వినార్ (మెదడు లోపలి థాలమస్‌లో ఒక భాగం) కూడా కావాలంటున్నారు. నాలుగు ప్రాంతాల మోడల్ ఎవిడెన్స్‌ను పాత మూడింటిదానితో పోల్చొచ్చా?

హీమో హైమ:
కుదరదు! ప్రాంతం కలిపితే డేటాయే మారిపోతుంది. వేర్వేరు డేటా మీద వచ్చిన ఎవిడెన్స్‌లను పోల్చడానికి లేదు. అన్ని మోడళ్లలోనూ నాలుగు ప్రాంతాల డేటా ఉంచండి. కొన్నిట్లో పల్వినార్ బాణాలు మూసేయండి, కొన్నిట్లో తెరవండి. 4,096 విడివిడిగా ఫిట్ చేయక్కర్లేదు, బాణాలన్నీ తెరిచిన నిండు మోడల్ ఒక్కటి ఫిట్ చేసి మిగతావాటిని బేయేసియన్ మోడల్ రిడక్షన్‌తో (మళ్లీ ఫిట్ చేయకుండా నిండు మోడల్ ఫలితం నుంచే) లెక్కేయొచ్చు.