జెడ్‌టీఏ (జిర్కోనియా కలిపి గట్టిచేసిన అల్యూమినా) పలకల టఫ్‌నెస్ (పగులును ఆపే బలం) 4 దాటుతలేదు, జిర్కోనియా పెంచాల్నా?

నల్లగొండ_పౌడర్:
మఠంపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల పైపుల లోపల అతికే లైనర్ పలకలు చేస్తున్నం. బరువు లెక్కన అల్యూమినా 80, 3వై జిర్కోనియా 20 (అంటే 3 మోల్ శాతం ఇట్రియా). ఐసోప్రొపనాల్‌ల 24 గంటలు బాల్‌మిల్, 2 శాతం పీవీబీ (పొడిని పట్టి ఉంచే జిగురు), ట్రేలల్ల పోసి ఓవెన్‌ల ఆరబెట్టుడు, ప్రెస్, 1600 డిగ్రీల మీద 4 గంటలు సింటరింగ్ (కాల్చి గట్టిపరుచుడు). సాంద్రత 4.22. వికర్స్ (వజ్రపు మొనతో గుర్తు ఒత్తి చూసే పరీక్ష) 10 కిలోల లోడుకు టఫ్‌నెస్ 4 మెగాపాస్కల్ రూట్ మీటర్ దగ్గరనే ఆగుతున్నది. జిర్కోనియా 40కి పెంచితే లాభం ఉంటదా?

పాలమూరు_ఎక్స్‌ఆర్‌డీ:
అన్నా, ఇప్పుడే పాళ్లు మార్చకండి. పగులు కొస దగ్గర జిర్కోనియా గింజ టెట్రాగోనల్ స్ఫటిక రూపం నుంచి మోనోక్లినిక్ రూపానికి మారి 4–5 శాతం ఉబ్బితేనే పగులు ఆగుతుంది. గింజలు ముందే మారిపోయినా, అసలు మారకపోయినా టఫ్‌నెస్ రాదు. ఈ రెండింటి మందులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఒక ముక్కను పాలిష్ చేసి 1200 డిగ్రీల మీద గంటసేపు అనీల్ చేయండి (వేడిలో ఉంచి మెల్లగా చల్లార్చండి). గ్రైండింగ్‌తోనే పైపొర మారిపోతుంది కాబట్టి ఇది తప్పదు. ఇంకో ముక్కను విరిచి, విరిగిన ముఖాన్ని అట్లనే పెట్టండి. రెండింటికీ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో స్ఫటిక రూపం గుర్తించే పరీక్ష) తీయించండి. కాపర్ రేడియేషన్‌కు 30.2 డిగ్రీల కోణం (2θ) దగ్గర టెట్రాగోనల్, 28.2, 31.4 దగ్గర మోనోక్లినిక్ కనబడతాయి.

పాలిష్ ముక్కలోనే మోనోక్లినిక్ ఎక్కువుంటే గింజ పెరిగిపోయింది. 1550కి దించి 2 గంటలే ఉంచండి, సాంద్రత తగ్గకుండా చూసుకోండి. రెండింట్లోనూ లేకుంటే ఇట్రియా ఎక్కువైంది. 3వై రెండు పాళ్లకు ఇట్రియా కలపని సన్న జిర్కోనియా ఒక పాలు కలిపితే సగటు 2 మోల్ శాతానికి వస్తుంది. విరిగిన ముఖంలో మాత్రమే పెరిగిందా, గింజ తన పని తను చేస్తున్నట్టే. అప్పుడు లోపాన్ని కలపడంలో, కొలతలో వెతకాలి.

మిల్లు_బంతులు:
నా అనుమానం ఆ ట్రేల మీదనే. జిర్కోనియా సాంద్రత 6.05, అల్యూమినాది 3.98. కదలకుండా ఆరితే బరువుది అడుగుకు దిగుతుంది, గడ్డలు కడుతుంది. సింటరింగ్‌లో ఆ గడ్డల్లో గింజలు పెద్దవై, చల్లారేటప్పుడే మారి చుట్టూ సన్న పగుళ్లు తెస్తాయి. బ్యాక్‌స్కాటర్ ఎస్‌ఈఎంలో (బరువైన మూలకాలు తెల్లగా కనబడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) తెల్లని గుంపులు కనబడితే ఇదే కారణం. రోటరీ ఎవాపరేటర్ (తిప్పుతూ ద్రవాన్ని ఆవిరి చేసే యంత్రం) లేకుంటే వేడి చేస్తూ చిక్కబడేదాకా కలుపుతూనే ఉండండి, ఆరినంక జల్లెడ పట్టండి. బంతులను మిల్లుకు ముందు, తర్వాత తూకం వేయండి: 3వై బంతులైతే అరిగినదంతా మీ 20లోకే చేరుతుంది. పీవీబీని నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 500 దాకా మెల్లగా పోనీయండి. మీ పాళ్లకు పూర్తి సాంద్రత 4.27, మీరు దాదాపు 99 శాతం దగ్గరున్నారు, కాబట్టి రంధ్రాల సమస్య పెద్దగా లేదు.

నల్లగొండ_పౌడర్:
ఎక్స్‌ఆర్‌డీకి పంపుతా. పైపులల్ల వేడి, తేమ రెండూ ఉంటయి. ఇట్రియా తగ్గిస్తే పలక పాడుగాదా?

కొలత_గీత:
తేమతో పాడయ్యేది 65–300 డిగ్రీల మధ్య, 250 దగ్గర మరీ వేగంగా. ఇట్రియా తగ్గిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. అయితే బరువులో 20 అంటే ఘనపరిమాణంలో 14 శాతమే. 16 దాటితే జిర్కోనియా గింజలు ఒకదానికొకటి తగిలి, మార్పు లోపలికి పాకే దారి ఏర్పడుతుంది. 40కి పోతే 30 శాతం అవుతుంది, పైగా కాఠిన్యం తగ్గుతుంది. అరుగుదలకు వాడే పలకకు అది నష్టమే. బరువులో 20 దాటకండి. తగ్గించిన ఇట్రియాతో చేసిన ముక్కలను ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరిలో 5 గంటలు ఉంచి, మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయండి.

ఇంకొకటి, వికర్స్ అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. గుర్తు మధ్య నుంచి పగులు కొస దాకా ఉన్న పొడవు, సగం కర్ణానికి రెండున్నర రెట్లయినా లేకుంటే అన్‌స్టిస్ సూత్రం (పగులు పొడవు నుంచి టఫ్‌నెస్ లెక్కగట్టేది) వర్తించదు. గ్రైండింగ్ ఒత్తిడి మిగిలితే పగులు పొట్టిగా కనబడి టఫ్‌నెస్ ఎక్కువ చూపిస్తుంది. పాత, కొత్త బ్యాచ్‌లను పోల్చడానికి 3×4×45 మిల్లీమీటర్ల కడ్డీలకు డైమండ్ పేస్ట్, రేజర్ బ్లేడుతో సన్నని వి-నాచ్ కోసి వంచే పరీక్ష చేయించండి.